పాత కారుకు పాత 'సెల్ఫే'

మోటారు కారులోని భాగములలో అతి తక్కువ కాలము పనిచేయు వానిలో స్టార్టరు మోటారు ఒకటి. మన మెకానిక్కులు దీనిని 'సెల్ఫ్' అందురు. ఇంజను తనంతట తాను మొదలు కాజాలదు. దానిని తొలి చుట్లు వేరొకరు త్రిప్పవలెను. రెండు మూడు సెకనులలో ఆ పని ముగించి సెల్ఫ్ ప్రక్కకు తప్పుకొనును. అయినను అది మొరాయించిన నాడు తక్కిన యంత్రమంతయు ఎంత చక్కగా ఉన్నను కారు గుమ్మము దాటదు.

దీని విలువ తెలియవలెనన్న హ్యాండిల్ కాలమును తలచుకొనవలెను. కారు ముందు వంగి, ఇనుప హ్యాండిల్‌ను రంధ్రములో దూర్చి, బలము కొలది పైకి లాగుట ఆనాటి పద్ధతి. నిప్పురవ్వ వేళ తప్పి ముందుగా పుట్టెనా, ఇంజను వెనుకకు తన్నును. హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరుగగొట్టును. బొటనవ్రేలిని హ్యాండిల్ చుట్టు బిగింపక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెనని పాతకాలపు డ్రైవర్లు కుర్రవారికి చెప్పుట ఇందువలననే.

ఈ బాధను తీర్చిన ఘనత అమెరికాలోని డేటన్ నగరమున పనిచేసిన ఇంజనీరు చార్లెస్ కెటరింగ్‌ది. ఆయన తొలుత దుకాణములలో డబ్బు లెక్కకు వాడు యంత్రముల కంపెనీలో ఉండి, ఆ యంత్రమునకు చిన్న విద్యుత్ మోటారు అమర్చెను. గంటల తరబడి తిరుగవలసిన మోటారు పెద్దదై యుండవలెను. క్షణకాలము తిరిగి ఆగునది చిన్నదైనను చాలును. దానిపై శక్తికి మించిన భారము మోపినను, వేడెక్కి కాలిపోవులోపల పని ముగిసిపోవును. ఈ యూహనే ఆయన కారునకు పట్టించెను. 1912 నమూనా క్యాడిలాక్ కార్లు విద్యుత్ స్టార్టరుతో వెలువడినవి. ఫోర్డు వారి టి-మోడల్‌కు ఆ భాగ్యము 1919లో గాని కలుగలేదు.

మన దేశమునకు వచ్చినచో, 1950ల చివరి నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు మాతృక ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి. ఆ మారిస్ కారునందలి లూకస్ స్టార్టరు నిర్మాణము ముచ్చట గొలుపును. మోటారు ఇరుసుపై మరచుట్ల గొట్టము, దానిపై వదులుగా ఒక చిన్న పళ్లచక్రము ఉండును. మోటారు ఒక్కసారిగా తిరుగగానే ఆ చక్రము తన జడత్వము వలన వెంటనే తిరుగలేక, మరచుట్ల వెంట జరిగి ఫ్లైవీల్ అంచున ఉన్న రింగు పళ్లలో చిక్కుకొనును. ఇంజను అందుకొని వేగముగా తిరుగగానే అదే మరచుట్ల మీదుగా వెనుకకు విసరబడును. పాఠశాలలో న్యూటను మొదటి సూత్రము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

ఇట్టి పాత సెల్ఫ్ నేడు చెడినప్పుడు యజమానికి తరచుగా దొరకు సలహా ఒక్కటే: "పారవేయండి, క్రొత్తరకము బిగింతము." క్రొత్తరకము తేలిక, కరెంటు తక్కువ త్రాగును, చలికాలపు ఉదయమున చురుకుగా త్రిప్పును, ఇవి కాదనరానివి. కాని ఫ్లైవీల్ పళ్ల అంచులు పాత చక్రము ప్రవేశించు వైపున చెక్కబడి యుండును. వేరొక వైపు నుండి దూసుకొనివచ్చు మోటారును ఆలోచింపక బిగించిన, కొన్నాళ్లకు రింగు పళ్లే అరిగి ఇంజను గేరుబాక్సులను విప్పవలసివచ్చును. చౌక బేరమని చేసినది చివరకు ఏ ధరకు తేలునో ఊహింపవచ్చును.

అసలు చాలసార్లు నేరము సెల్ఫ్‌ది కాదు. దీపములు ధగధగ వెలుగుచున్నవి కనుక బ్యాటరీ, తీగలు బాగున్నవని పలువురు భ్రమింతురు. హెడ్‌లైటు బల్బునకు నాలుగు ఆంపియర్లు చాలును. సెల్ఫ్‌కు రెండువందలు కావలసివచ్చును. ఒక తుప్పుపట్టిన బిగింపులో ఓములో నూరవవంతు నిరోధమున్నదనుకొందము. దీపము వలన అచట పోవునది వోల్టులో ఇరువదియైదవ వంతు. సెల్ఫ్ త్రిప్పినప్పుడు పోవునది రెండు వోల్టులు. పండ్రెండు వోల్టులలో రెండు అచటనే హరించిన, మోటారు మూలుగక ఏమి చేయును? కనుక ముందుగా ఇంజనుకు, ఛాసిస్‌కు నడుమ గల ఎర్త్ పట్టీని విప్పి, గీకి, శుభ్రపరచి మరల బిగించవలెను.

మోటారు గిఱ్ఱున తిరిగి ఇంజను కదలకున్నచో దోషము పళ్లచక్రముది. అచటి మరచుట్లకు నూనె పూయుట అందరు చేయు పొరపాటు. నూనెకు క్లచ్చి దుమ్ము అంటి జిగురై చక్రమును కదలనీయదు. కిరోసిన్‌తో కడిగి పొడిగా విడుచుటయే దానికి మందు. చక్రము పళ్లలో ఇరుక్కొని రాకున్న, ఇంజను ఆపివేసి, కారును పైగేరులో ఉంచి ముందువెనుకలకు ఊపిన చాలసార్లు ఊడివచ్చును.

విప్పి చూడవలసివచ్చినప్పుడు కొంత నేర్పు కావలెను. కార్బన్ బ్రష్షులు అరిగినచో మార్చవలెను. కమ్యుటేటరును సన్నని గాజుకాగితముతో మెరుగుపెట్టవచ్చును, ఎమరీ కాగితము మాత్రము కూడదు. డైనమోకు అలవాటైన చేయి, రాగి పలకల నడుమనున్న అభ్రకమును లోతుగా చెక్కివేయబోవును. లూకస్ స్టార్టరునకు అది నిషిద్ధము. క్రొత్త కంచు బుష్షులను ఒక దినమంతయు పలుచని ఇంజనునూనెలో నానబెట్టి దించవలెను. మన పట్టణములలో పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టు పనివారున్నారు. కాని సెల్ఫ్‌లోనిది సన్నని తీగ కాదు, మందపు రాగిపట్టీ. దానికి తొడుగు మార్చి, అతుకులు గట్టిగా వేయగల పెద్దలు నానాటికి అరుదగుచున్నారు. వారి వద్ద నేర్చుకొను కుర్రవాడు లేనిచో, ఇనుప గుల్ల పదిలముగా నున్నను మోటారు బాగుపడదు.

బాగుపడనంతగా చెడినదానికి బదులు వెదకువారు పాత ఇనుప అంగళ్లలో మోటారు ఒడలిని గుడ్డతో తుడిచి చూడవలెను. ఎం35జి వంటి రకపు గుర్తు, భాగపు సంఖ్య, తయారైన నెల, సంవత్సరము దానిపై ముద్రింపబడి యుండును. ఆ తేది కారు తయారైన తేదికి కొంచెము ముందుదైన, అది ఆ కారు వయసుదే. తరువాత పళ్లు లెక్కించి, తిరుగు దిశ సరిచూచి, అంగడిలోనే బల్లపై గట్టిగా పట్టి బ్యాటరీ తీగలు తగిలించి చూచుట మేలు. పట్టు సడలిన మోటారు ఎగిరి కాలిపై పడును.