బరువు తగ్గించే ఆపరేషన్ తరువాత ఇంటివారి పాత్ర



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి పెద్ద ఆపరేషన్ల కోసం బెంగళూరుకు పోవడం మనకు కొత్త కాదు. చాలా ఆపరేషన్లకు కొన్ని వారాలు పథ్యం ఉంటే సరిపోతుంది. కానీ విపరీతమైన స్థూలకాయం ఉన్నవారికి బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ అలాంటిది కాదు. వైద్యులు దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. కత్తి పట్టేది సర్జన్ అయినా, ఫలితాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టడంలో ఇంటివారికీ, బంధువులకూ, ఊరివారికీ ఎంత పాలు ఉందో ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

ముందు ఆపరేషన్ సంగతి. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ గ్యాస్ట్రిక్ బైపాస్ అనే పద్ధతిని ప్రారంభించారు. ఈ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే మరో పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని తీసివేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా ఉంచుతారు. ఏ పద్ధతిలోనైనా కొంచెం తినగానే కడుపు నిండుతుంది. ఆకలిని పుట్టించే హార్మోన్లలోనూ మార్పు వస్తుంది.

మరి తగ్గిన బరువు నిలుస్తుందా? స్వీడన్ దేశంలో 1987లో మొదలైన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. బైపాస్ చేయించుకున్నవారు మొదటి రెండేళ్ళలోపు సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళ తరువాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతంగా నిలిచింది. అంటే 100 కిలోల మనిషి 68కి దిగి, మళ్ళీ 75 దగ్గర ఆగాడన్నమాట. ఇలా కొంత బరువు తిరిగి రావడం శరీర స్వభావం. అది రోగి తప్పు కాదు, నామర్దా అంతకన్నా కాదు. అయితే ఎంత తిరిగి వస్తుందన్నది కొంతవరకు ఇంటి పద్ధతుల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

చింతామణి పక్కన ఒక పల్లెలో ఒక కోడలికి ఈ ఆపరేషన్ అయిందనుకుందాం. అత్తగారు మంచి మనిషి. కోడలు నాలుగు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టగానే, "ఇదేం తిండే అమ్మా! పసిబిడ్డ కూడా ఇంతకన్నా తింటుంది. ఇంకొంచెం తిను" అంటుంది. అది ప్రేమతో అన్నమాటే. కాదనలేక కోడలు తింటుంది. కాసేపటికి రొమ్ములో పట్టేసినట్టయి వాంతి అవుతుంది. "అయ్యో, ఏమీ ఇమడలేదే" అని అత్తగారు చక్కెర ఎక్కువేసి కాఫీ ఇస్తుంది, బేకరీ నుంచి బన్ను, కారబూందీ తెప్పిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గట్టి భోజనాన్ని ఆ చిన్న సంచి ఆపగలదు గాని, తీపి కాఫీని, పండ్లరసాన్ని, నోట్లో కరిగిపోయే చిరుతిండిని ఆపలేదు. అవి సులువుగా జారిపోతాయి, ఒంటికి పడతాయి. భోజనం తగ్గినా బరువు తగ్గలేదంటే ముందుగా చూడవలసింది ఈ నడిమధ్య తిండినే.

మన సంగటి విషయం కూడా చెప్పుకోవాలి. రాగి మంచి ధాన్యం. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. కాని మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే. ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలని వైద్యులు చెబుతారు. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. అందువల్ల ముందు పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం, కాలంలో దొరికే అనపగింజలు తిని, ఆ తరువాతే చిన్న సంగటి ముద్ద తీసుకోవాలి. ఉలవల చారు చేసినప్పుడు కట్టు మాత్రం పోసుకుంటే లాభం లేదు. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది గింజల్లోనే. ఇంట్లో ఆవు ఉండి, పాలన్నీ డెయిరీకి పోతుంటే, ఈ మనిషి కోసం ఒక గ్లాసు ఆపుకోవడం ఇంటివారి బాధ్యత.

ఇంకొకటి. సంగటిని నమలకూడదు, మింగాలి అని మనకు చిన్ననాటి అలవాటు. ఆపరేషన్ తరువాత ఆ అలవాటు పనికిరాదు. ప్రతి ముద్దనూ మెత్తగా నమిలి, అరగంట సేపు నిదానంగా తినాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. పొలం పనికో, పట్టుపురుగులకు ఆకు వేయడానికో తొందరపెట్టే ఇంట్లో ఇది సాధ్యం కాదు. అందరూ తిన్నాక చివర్లో మిగిలింది తినే ఇల్లాలికి అసలే సాధ్యం కాదు. వేళకు, అందరితోపాటు కూర్చుని తినే హక్కు ఆమెకు ఇవ్వడం కూడా వైద్యంలో భాగమే.

పండుగలు, జాతరల మాటకొస్తే, ఉగాదికి నెయ్యి వేసిన ఒబ్బట్టు, నంది శివరాత్రి తేరుకు వచ్చిన బంధువుల విందు మనకు మామూలే. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు కలగవచ్చు. వద్దన్నవారిని "మా ఇంట్లో తినవా?" అని నిలదీయడం మర్యాద కాదు. చాలు అన్నప్పుడు గరిటె ఆపడమే మర్యాద.

చాలామంది ఈ ఆపరేషన్ సంగతి దాచిపెడతారు. మూడు నాలుగు నెలలకు ముఖం పీక్కుపోయి, జుట్టు రాలుతుంటే ఊరివారు "ఏం జబ్బో ఏమో" అంటారు. ఆ జుట్టు రాలడం సాధారణంగా తాత్కాలికమే. కాని దాచినకొద్దీ, పెళ్ళిపందిట్లో ఎందుకు తినడం లేదో చెప్పుకోలేక అవస్థపడతారు. కనీసం దగ్గరి బంధువులకు చెప్పుకోవడం మేలు.

వయసులో ఉన్న స్త్రీలకు మరో ఒత్తిడి ఉంటుంది. బరువు తగ్గగానే "ఇంకా విశేషం లేదా?" అని పెద్దలు అడుగుతారు. కాని ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వద్దని వైద్యుల సలహా. తల్లికే చాలని పోషణ బిడ్డకు చాలదు. ఈ మాట భర్త ముందుండి పెద్దలకు చెప్పాలి. ఇక మగవారి విషయంలో, బైపాస్ తరువాత మద్యం త్వరగా రక్తంలో కలిసి ఎక్కువగా మత్తెక్కిస్తుంది. కొందరు ఒకటి రెండేళ్ళ తరువాత దానికి బానిసలవుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. కూడా కూర్చుని పోసే స్నేహితులు ఇది గుర్తుంచుకోవాలి.

లక్షలు పోసి ఆపరేషన్ చేయించిన తరువాత "బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేసే ఇళ్ళూ ఉన్నాయి. విటమిన్ బి 12, ఇనుము, క్యాల్షియం, విటమిన్ డి జీవితాంతం వైద్యుడు చెప్పిన ప్రకారం తీసుకోవాలి. లేకపోతే రక్తహీనత, కాళ్ళలో తిమ్మిర్లు, ఎముకల బలహీనత వస్తాయి. బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. రక్తపరీక్షకు, డాక్టరును చూడడానికి వెళ్ళే రోజున ఒకరు తోడు వెళితే ఆ ప్రయాణం మానేయాలన్న బుద్ధి పుట్టదు. తోడు వెళ్ళినవారు కూడా డాక్టరు మాట స్వయంగా వింటారు.

తోడు వెళ్ళడంలో మరో లాభమూ ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. 35 మంది రోగులతోపాటు వారి ఇంటివారు 50 మంది కూడా ఆహార సలహాలకు హాజరయ్యారు. ఏడాది తరువాత ఆపరేషన్ లేకుండానే, ఆ ఇంటివారిలో స్థూలకాయులైన పెద్దలు సగటున మూడు కిలోలకు పైగా తగ్గారు. ఒకరి కోసం మార్చిన వంట అందరికీ మేలు చేసిందన్నమాట.

శ్రోతలారా! ఆపరేషన్ జరిగింది ఒకరి కడుపుకే అయినా, పొయ్యి మాత్రం ఇంటిల్లిపాదిదీ. మీ ఇంట్లో అలాంటివారుంటే ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక పని చేయండి. వారు చాలు అన్నప్పుడు ఇంకొంచెం అనకండి. తీపి కాఫీ బదులు ఒక గ్లాసు పలుచని మజ్జిగ ఇవ్వండి. భోజనమయ్యాక కాసేపాగి, వారితో కలిసి డెయిరీ దాకా నడిచి రండి.