రోబో పోటీలు: ఇంటికే చేరిన ఆరంభోత్సవం, దూరమవుతున్న పరిచయం

బీదర్: కన్నడిగులు కారహుణ్ణిమె అని, తెలుగువారు ఏరువాక పున్నమి అని జరుపుకొనే పండుగ సరిహద్దు రైతులకు కొత్తది కాదు. విత్తనాలు దుకాణంలో దొరుకుతాయి. అయినప్పటికీ ఆనాడు ఊరంతా ఒకచోట చేరుతుంది. కొత్తగా అరక పట్టిన యువకుడు పెద్దలను అడిగి సందేహాలు తీర్చుకొంటాడు. విద్యార్థుల రోబో పోటీలకు కూడా ఇటువంటి తొలిరోజు ఒకటి ఉన్నది. ఆ రోజున అందరూ కలుసుకొనే ఆచారం ఇటీవల సన్నగిల్లుతున్నది.

ఆ రోజున జరిగేదేమి?

డీన్ కామెన్ అనే అమెరికా ఆవిష్కర్త 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించారు. ఉన్నత పాఠశాల విద్యార్థుల కొరకు ఆ సంస్థ నిర్వహించిన తొలి రోబో పోటీ 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ నగరంలో, ఒక పాఠశాల వ్యాయామశాలలో జరిగింది. అందులో పాల్గొన్నవి 28 జట్లు మాత్రమే.

ఈ పోటీలో రోబో ఆడవలసిన ఆట ఏటా మారుతుంది. జనవరి మొదట్లో ఒక శనివారం నాడు కొత్త ఆటను ప్రపంచమంతటికీ ఒకేసారి ప్రకటిస్తారు. నియమావళి ముందుగానే కంప్యూటరుకు చేరుతుంది గాని, దానిని తెరిచే సంకేతపదం ఆ ప్రకటనతోనే వెల్లడవుతుంది.

చాలా ఏళ్లపాటు జట్లు తమ ప్రాంతంలోని ఏదో ఒక విద్యాలయంలో కూడి ఆ ప్రసారాన్ని చూసేవి. మోటార్లు, చక్రాలు, తీగలు గల పెట్టెను అక్కడే అందుకొనేవి. ప్రత్యర్థిని గౌరవించి, అవసరమైతే ఆదుకోవాలన్నది ఎం.ఐ.టి. ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ (1943-2019) ఈ పోటీలకు నేర్పిన నీతి. ఆ నీతి మొదట ఆచరణలోకి వచ్చేది ఈ సభలలోనే.

నష్టమెవరికి?

కరోనా కారణంగా 2021 జనవరిలో ఆరంభోత్సవం అంతర్జాలానికే పరిమితమైంది. అటుపిమ్మట అనేక చోట్ల సభలు మళ్లీ మొదలైనవి. అయినను తమ బడిలోనో ఇంటిలోనో తెర ముందు కూర్చొని చూసే జట్లూ ఉన్నవి. ఇందులో మేలు లేకపోలేదు. బీదరు పిల్లవాడు సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరనవసరం లేదు. నియమాలు అందరికీ ఒకే క్షణంలో తెలుస్తాయి.

అయితే తెర ద్వారా సమాచారం అందుతుంది గాని, స్నేహం అంత సులభంగా అందదు. పెట్టెలో ఒక భాగం తక్కువైతే పక్క జట్టును అడగడం, ఒకే నియమాన్ని ఇద్దరు రెండు విధాలుగా చదివి వాదించుకోవడం, అనుభవమున్న విద్యార్థి కాగితంపై గీచి చూపడం ముఖాముఖిగానే సాగుతాయి. నగరంలోని పెద్ద పాఠశాలకు పూర్వ విద్యార్థులు, శిక్షకులు, పనిముట్లు తమ ప్రాంగణంలోనే ఉంటాయి. కొత్తగా చేరిన చిన్న ఊరి జట్టుకు అవన్నీ పరిచయమయ్యేది ఆ ఒక్క రోజునే. కనుక సభ రద్దయితే నష్టం అందరికీ సమానం కాదు.

సరిహద్దు పిల్లలకు భాషాసమస్య కూడా తోడవుతుంది. ఇంట తెలుగు, బడిలో కన్నడం, నియమావళిలో ఇంగ్లీషు. తెలియని మాటను తెలిసిన భాషలో విడమరచి చెప్పే మనిషి ఎదుట ఉంటే భయం సగం తీరుతుంది.

గ్రామాలు చేయదగినది

2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం క్రింద ఎంపికైన పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. 6 నుండి 12వ తరగతి వరకు విద్యార్థులు అక్కడ రోబోలు తయారుచేయడం నేర్చుకోవచ్చును. బీదరుకు, తెలంగాణలోని జహీరాబాదుకు మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. రాష్ట్రాలు వేరైనా ఒక పూటలో వెళ్లి రాగల దూరమిది. పోటీ ఏదైనను, ప్రకటన వెలువడే రోజున ఇరువైపుల బడులు ఒక హాలులో కలిసి ప్రసారం చూసి, పెట్టెలను పక్కపక్కనే తెరిస్తే పెద్ద ఖర్చు లేకుండానే ఆచారం నిలుస్తుంది.

ఆ సభకు తల్లిదండ్రులనూ పిలవడం అవసరం. వారాల తరబడి సాయంత్రాలు బడిలోనే ఉండిపోవలసిన ఈ పనికి, ముఖ్యంగా ఆడపిల్లలను, పంపేముందు ఉపాధ్యాయులను, తోటి పిల్లలను కళ్లారా చూసిన కుటుంబానికి ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం కొరియరులో వచ్చే పెట్టెతో రాదు.