కొల్లేటి గట్టు మీద దారి చెప్పే పెట్టె

సైకిలు కొనడానికి ఇంట్లో నెల్లాళ్ళు తర్జనభర్జన జరిగే రోజులు పోయాయి గాని, సైకిలుకు తగిలించుకునే దారి యంత్రం కొనడానికి ఇప్పుడు అంతకంటె ఎక్కువ జరుగుతున్నది. జరగవలసిందే. ఎంచేతనంటే కొన్ని యంత్రాల ఖరీదు మామూలు సైకిలు ఖరీదుకు రెండు మూడింతలు. గుర్రం కంటె కళ్ళెం ప్రియమన్నమాట!

మా మేనల్లుడు తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్నాడు. శనివారం సాయంత్రం ఏలూరు వచ్చి, ఆదివారం నాతో కలిసి కొల్లేరు వైపు సైకిలు తొక్కుతాడు. వాడికి ఈ మధ్య ముప్ఫై వేల రూపాయల యంత్రం మీద మనసు పడింది. ఆ ముప్ఫై వేలూ మా చెల్లెలు హాస్టలు ఫీజు కోసం చీటీ పాడి ఉంచిన డబ్బు. “ఫీజు రెండు వాయిదాల్లో కట్టొచ్చు మావయ్యా. నువ్వు చెబితే అమ్మ కాదనదు,” అన్నాడు. ఛందస్సు చెప్పుకునేవాడికి ఉపగ్రహాలతో ఏం పని అని మీరనవచ్చు. చెల్లెలి డబ్బు కనుక పని పెట్టుకున్నాను.

ముందు తెలుసుకోవలసిందేమిటంటే, మనం ఎక్కడున్నామో కనుక్కునే విద్యకు ఇవాళ పెద్ద ఖరీదు లేదు. సుమారు ఇరవైవేల రెండువందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికావారి ఉపగ్రహాలు తమ గడియారపు వేళను ఎప్పుడూ చాటుతూనే ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వినబడితే చాలు, ఎవరి మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్కగట్టి యంత్రం మన చోటు చెబుతుంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం పౌరుల లెక్కలో కావాలనే తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. కొల్లేటిలో వంద మీటర్లంటే పక్క చెరువు! ఇప్పుడా తేడా నాలుగైదు మీటర్లకు దిగింది. మన దేశం కూడా 2013 నుంచి సొంత ఉపగ్రహాలు పంపింది; 2016లో వాటికి ‘నావిక్’ అని పేరు పెట్టారు. దోనెల సీమలో నాకా పేరు ముచ్చటగానే ఉంది.

ఈ వినే చెవి మీ జేబులోని ఫోనులో ఉండనే ఉంది. ఇంటర్నెట్టు అందని చోట కూడా అది పనిచేస్తుంది. అందనిది పటం మాత్రమే. పటాన్ని ఇంట్లోనే దింపుకుంటే ఆ చిక్కూ తీరుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. గూగుల్ పటాన్ని ముందుగా దింపుకున్నా, నెట్టు లేనప్పుడు అది మోటారు బండికి దారి చెబుతుంది గాని సైకిలుకు చెప్పదు. ఓఎస్ఎమ్అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటివి చెబుతాయి. వీటికి ఆధారమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ 2004లో ఇంగ్లండులో మొదలైంది. దాన్ని మీరూ నేనూ కూడా దిద్దవచ్చు.

మరి అంత డబ్బు పోసి వేరే యంత్రం ఎందుకు? ఎండలో చదవగలిగే తెర కోసం, బ్యాటరీ కోసం, వానకు తడిసినా చెడకపోవడం కోసం. ఫోను తెర మిట్టమధ్యాహ్నం అద్దంలా మన మొహమే చూపిస్తుంది; వేడెక్కితే తనే మసకబారుతుంది. చెమట వేలు దానికి ఆనదు. సైకిలు యంత్రం పెట్టె మీద ‘ఐపీఎక్స్ 7’ అని ఉంటే, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా చెడదని అర్థం. వేసవి కొల్లేరు చాలాచోట్ల అంత లోతు కూడా ఉండదు. బురదలో తడిమి వెతకడం అరగంటలో తెమలాలి, అంతే.

ఖరీదులో అసలు తేడా పటం దగ్గరే వస్తుంది. తక్కువ రకం యంత్రంలో పటం ఉండదు. మీరు ముందే ఇచ్చిన దారిని ఖాళీ తెర మీద గీతగా చూపి, గీత తప్పితే కూస్తుంది. ఎక్కువ రకంలో పటం ఉంటుంది, తనే దారి కనిపెడుతుంది. మా వాడు కోరినది రెండో రకం.

కొల్లేరు సంగతి తెలియనివారు ఇక్కడ రెండో రకానికే ఓటు వేస్తారు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే ఈ మంచినీటి సరస్సులో నీటికీ నేలకూ హద్దు స్థిరంగా ఉండదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు యంత్రాలు పెట్టి తెగ్గొట్టారు. తరవాత చాలాచోట్ల మళ్ళీ వేశారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో ప్రతి గట్టూ రోడ్డులాగే కనబడుతుంది. వరద వచ్చిన ఏడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళెక్కుతాయి. ఇక గట్ల మాట చెప్పాలా?

మార్గశిరంలో ఒక ఆదివారం ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులను చూసి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి బయల్దేరాము. పొద్దు వాలుతున్నది. మా వాడు స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చిన ఖరీదు యంత్రం రోడ్డు వదిలి ఒక గట్టు ఎక్కమన్నది. దగ్గిర దారి! ఇరుపక్కలా చెరువులు, మధ్య నాలుగడుగుల మట్టి. గట్టు మొదట్లో పాక ముందు కాపలా మనిషి మేత బస్తాలు సర్దుతున్నాడు. ఆగి అడిగాను.

“గుడికి ఈ గట్టు మీద ఎల్లలేరండి మాస్టారూ. అవతల తుపానుకి తెగిపోయిందండి. మొన్న రాత్రి ఒకాయన మోటారు సైకిలుతో దిగిపోతే దోనేసి తీశాం.”

మా వాడు తెర చూశాడు. అందులో గీత నిక్షేపంగా నీళ్ళు దాటి పోతున్నది. వాడి మొహం చూసి నేనేమీ అనలేదు. చీకటిపడేలోగా రోడ్డెక్కి ఇల్లు చేరాము.

యంత్రాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అది మనమెక్కడున్నామో సరిగ్గానే చెప్పింది. గట్టు ఉన్నదో లేదో ఉపగ్రహానికి తెలియదు. అందుచేత కొల్లేటిలో తనే దారి వెతికే యంత్రం కంటె, నిన్న ఆ దారిన పోయినవాడి జాడను చూపించే యంత్రం మేలని నా అభిప్రాయం. ఆ పని తక్కువ రకం చేస్తుంది, ఫోనూ చేస్తుంది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మెరక మీద, కాలవ రోడ్ల మీద తొక్కేవారికి పటం ఉన్న యంత్రం పనికొస్తుంది. డబ్బుంటే కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు.

మా వాడు వారం రోజులు ముభావంగా ఉన్నాడు. తరవాత ఫోనును హ్యాండిలుకు బిగించే పట్టీ, ఒక పవర్ బ్యాంకు, తడవకుండా తొడుగు కొనుక్కున్నాడు. మొత్తం రెండు వేలు దాటలేదు. ఫోనులో దారి నమోదు చేసుకుంటూ, తెర ఆర్పి, మలుపు వచ్చినప్పుడే వెలిగిస్తాడు. బ్యాటరీ తినేది ముఖ్యంగా తెరే. తెగిన గట్టును ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వాడే దిద్దాడు. హాస్టలు ఫీజు ఒకే వాయిదాలో కట్టారు. కిందటి వారం తెల్లవారుజామున లంక నుంచి క్యాన్లు వేసుకువచ్చే పాలవాడి వెనకే తొక్కి, ఆ జాడంతా ఫోనులోకి ఎక్కించుకున్నాడు. వర్షాలు పడగానే దాన్ని తుడిచేసి మళ్ళీ పాలవాడి వెనక పడతాడట.