నొళంబవాడి: ఒక సరిహద్దు రాజ్యం

అనంతపురం అనగానే మీకు కరువు, వలస గుర్తుకు వస్తాయి. చరిత్ర అంతా నదీ మైదానాల్లోనే జరిగిందని, మెట్ట నేలకు చరిత్ర లేదని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. మడకశిర ప్రాంతంలోని హేమావతి గ్రామం ఒకప్పుడు ఒక రాజధాని. శాసనాల్లో దీని పేరు పెంజేరు, హెంజేరు. క్రీ.శ. 8వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం వరకు నొళంబ పల్లవుల చరిత్ర ఈ ఊరితో ముడిపడి ఉంది.

భౌగోళిక స్వరూపం

శాసనాలు ఈ రాజ్యాన్ని 'నొళంబవాడి 32,000' అని పేర్కొన్నాయి. ఈ అంకె గ్రామాల సంఖ్యా, ఆదాయమా అనే విషయంలో చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల భాగాలతోపాటు కర్ణాటకలోని తుమకూరు, చిత్రదుర్గ, కోలారు ప్రాంతాలు ఇందులో ఉండేవి.

నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమల మీదే చాలావరకు వర్షించి ఇక్కడికి బలహీనపడి చేరతాయి. అందుకే అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్న, జయమంగళి, వేదవతి ఏడాది పొడవునా పారే నదులు కావు. కాబట్టి సేద్యానికి చెరువే ఆధారం. చెరువు కట్టినవారికి, దానిని కాపాడినవారికి భూమి ఇచ్చే 'బిత్తువట్టం' అనే ఏర్పాటు ఈ పీఠభూమి శాసనాల్లో కనిపిస్తుంది. పశువులే సంపద కాబట్టి మందల కోసం పోరాటాలు జరిగేవి. వాటిలో మరణించినవారికి వీరగల్లులు నిలిపారు.

పెద్ద రాజ్యాల నడుమ

ఉత్తరాన రాష్ట్రకూటులు, దక్షిణాన గంగులు, ఆగ్నేయాన బాణులు, తూర్పున వేంగీ చాళుక్యులు. వీరి మధ్య నొళంబులు ఎలా నిలిచారు? గంగులతో వారి సంబంధాన్ని గమనించండి. నొళంబ పొళల్చోరుడు గంగ రాకుమారి జాయబ్బెను వివాహమాడాడు. వారి కుమారుడు మొదటి మహేంద్రుడు బలపడి బాణులను ఓడించాడు. తరువాత గంగ ఎరెయప్ప ఆ మహేంద్రుడినే చంపి 'మహేంద్రాంతక' బిరుదు ధరించాడు. అదే ఎరెయప్ప మహేంద్రుని కుమారుడైన అయ్యపదేవునికి సహాయంగా నాగత్తరుడనే యోధుడిని పంపినట్లు బేగూరు వీరగల్లు చెబుతున్నది. పెళ్లి, యుద్ధం, మైత్రి: ఈ మూడూ మూడు తరాల్లోనే జరిగాయి. సరిహద్దు రాజ్యానికి శాశ్వత మిత్రుడు లేడు, శాశ్వత శత్రువు లేడు.

ఇది ఈ ప్రాంతానికే పరిమితమైన స్థితి కాదు. చైనాకు పశ్చిమాన, ఎడారి అంచున ఉన్న లౌలాన్ రాజ్యం క్రీ.పూ. 108లో హాన్ సైన్యానికి లొంగిపోయింది. ఆ రాజు ఒక కుమారుణ్ణి హాన్ ఆస్థానానికి, మరొక కుమారుణ్ణి హాన్ శత్రువులైన షియోంగ్ను వద్దకు బందీగా పంపాడు. అయినా క్రీ.పూ. 77లో హాన్ దూత ఆ దేశపు రాజును చంపించాడు. రాజ్యం పేరు కూడా షాన్‌షాన్‌గా మారింది.

పతనం, మిగిలిన గుర్తులు

క్రీ.శ. 963లో రాజ్యానికి వచ్చిన గంగ రెండవ మారసింహుడు 'నొళంబకులాంతక' అనిపించుకున్నాడు. తరువాత చోళ రాజరాజు తాను జయించిన దేశాల్లో నొళంబవాడిని చేర్చుకున్నాడు. హేమావతి శిల్పకళకు చెందిన స్తంభాలు నేడు తంజావూరు సమీపంలోని తిరువైయారు ఆలయంలో ఉన్నాయి. అయితే 'కులాంతకుడు' అన్న బిరుదును అక్షరాలా నమ్మకండి. 11వ శతాబ్దంలోనూ నొళంబులు కళ్యాణి చాళుక్యుల సామంతులుగా కనిపిస్తారు. బిరుదు విజేత మాట. దానిని ఇతర శాసనాలతో సరిచూడటం చరిత్ర విద్యార్థి పని.

హేమావతిలో దొడ్డేశ్వర, సిద్ధేశ్వర ఆలయాలు నేటికీ ఉన్నాయి. తుమకూరు ప్రాంతపు నొణబ సమాజం పేరులో నొళంబుల పేరు నిలిచి ఉందని పండితులు భావిస్తారు.

అభ్యాసం

మీ ఊరి చెరువు కట్ట మీద గాని, గుడి ముందర గాని వీరగల్లు ఉందేమో చూడండి. ఉంటే కదిలించవద్దు, సున్నం పూయవద్దు. దానిపై ఉన్న ఆయుధాలను, పశువులను, అక్షరాలను గమనించి పది వాక్యాల్లో వర్ణించండి. మెట్ట నేలకు చరిత్ర ఉందా అనే ప్రశ్నకు మీ సమాధానం అక్కడి నుంచే మొదలుపెట్టండి.