ఇస్త్రీపెట్టె ఎలిమెంటుతో పుట్టిన హీటర్

అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న నార్త్ డకోటాలో చలికాలపు కొన్ని రాత్రులు మైనస్ 30 డిగ్రీల దాకా పోతాయి. పూర్వం అక్కడి రైతు పొద్దున్నే కారు తీయాలంటే ముందురోజు రాత్రే పని మొదలుపెట్టాలి. ఇంజన్ ఆయిల్ వేడిగా ఉండగానే డబ్బాలోకి దించి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టుకోవాలి. రేడియేటర్‌లో ఉన్నవి ఉత్త నీళ్లయితే అవీ వంచెయ్యాలి. లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి, ఉబ్బి, ఇంజన్ దిమ్మనే పగలగొడతాయి. తెగించినవాళ్లు ఇంజన్ కింద నిప్పులు పెట్టేవారు. పైన పెట్రోలు, కింద నిప్పు! కారు మిగిలితే అదృష్టమే.

ఇంత అవస్థ ఎందుకంటే, బండికి ఎక్కువ బలం కావలసిన వేళకే బ్యాటరీ బలం తగ్గిపోతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, సుమారు సగం శక్తే చేతికందుతుంది. అటు ఆయిల్ తేనెపాకంలా చిక్కబడి ఇంజన్ తిరగనంటుంది. సెల్ఫ్ మూలుగుతుంది. ఎలాగో తిరిగినా, పెట్రోలు సరిగా ఆవిరి కాక అంటుకోదు.

దీనికి మందు కనిపెట్టిన ఆండ్రూ ఫ్రీమన్ కార్ల కంపెనీ మనిషి కాడు. గ్రాండ్ ఫోర్క్స్ ఊళ్లో, పల్లెలకు కరెంటు ఇచ్చే సహకార సంఘాన్ని నడిపిన ఇంజనీరు. రాగి గొట్టం ముక్క, టార్చిలైటు భాగాలు, పాత ఇస్త్రీపెట్టెలోని ఎలిమెంటు కలిపి మొదటి హీటర్ తయారుచేశాడు. సిలిండర్ హెడ్‌ను బిగించే బోల్టుల్లో ఒకటి తీసి, ఆ స్థానంలో దీన్ని బిగించి, తీగను గోడ ప్లగ్గులో పెడితే సరి, ఇంజన్ రాత్రంతా వెచ్చగా ఉంటుంది. 1949 నవంబరు 8న పేటెంటు వచ్చింది. నా దృష్టిలో ఈ హీటర్ కథ మోటారు చరిత్ర కంటే పల్లె కరెంటు చరిత్రకే ఎక్కువ చెందుతుంది. కొట్టంలో ప్లగ్గు లేని రైతుకు ఇది ఎందుకు పనికొస్తుంది?

తరవాత హీటర్ చోటు మార్చుకుంది. ఇంజన్ దిమ్మను పోతపోసినప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలిన రంధ్రాలను రేకు బిళ్లలతో మూస్తారు. అలాంటి ఒక బిళ్ల తీసి హీటర్ బిగిస్తే అది ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లోనే నేరుగా మునిగి ఉంటుంది. వేడెక్కిన కూలెంట్ పైకి, చల్లనిది కిందికి, పంపు లేకుండానే దిమ్మంతా తిరుగుతుంది. వీటికి సాధారణంగా 400 నుంచి 1000 వాట్లు చాలు. అంటే నేటికీ ఇస్త్రీపెట్టె లెక్కే! కెనడాలోని విన్నిపెగ్, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి ఊళ్లలో పార్కింగ్ స్థలాల్లో ప్లగ్గుల స్తంభాలు ఉంటాయి. కార్ల ముందు జాలీలోంచి తీగ వేలాడుతూ కనిపిస్తుంది.

ప్లగ్గు ఒక్కటే అన్నిటికీ మందు కాదు. డీజిల్‌లో ఉండే మైనం చలికి పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. దిమ్మ వెచ్చగా ఉన్నా ట్యాంకు చల్లగానే ఉంటుంది కదా! మన లద్దాఖ్‌లో ఈ బాధ తప్పించడానికి ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. జనవరి సగటే మైనస్ 38 దగ్గర ఉండే రష్యాలోని యాకుత్స్క్‌లో, వెచ్చని గ్యారేజీ లేనివాళ్లు చాలామంది బండిని దుప్పటిలాంటి మందపాటి కవరుతో కప్పుతారు, లేదా ఇంజన్ ఆపకుండా వదిలేస్తారు. తగలబడే పెట్రోలు సంగతి అడక్కండి.

ఈ చలికాలం కెనడాలోనో మినెసోటాలోనో కొత్తగా కారు కొన్నవారికి ఒక మాట. హీటర్‌ను రాత్రంతా ఉంచక్కర్లేదు, టైమర్ పెట్టి బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు వేస్తే చాలు. తలుపు మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజన్ ఆన్ చేసి వేడెక్కించకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కదిలే ముందు ప్లగ్గు పీకడం మరవకండి.