‘బలగం’ చిత్రమున గతించిన వాడ

గతించిన వాడనొకదానిని చిత్రింపదలచిన దర్శకునకు మొదట తోచు మార్గము వస్తుసేకరణము. నాటి రేడియో, నాటి సైకిలు, నాటి గోడప్రకటనలు సమకూర్చినచో నాటి జీవనము వానివెంట తానే వచ్చునని తలతురు. ఈ మార్గమున కృతార్థములైన చిత్రములు లేకపోలేదు. హాంకాంగు దర్శకుడు అలెక్స్ లా కాంటనీసు భాషలో తీసిన ‘ఎకోస్ ఆఫ్ ది రెయిన్‌బో’ అట్టిది. 1960 దశకమున షామ్ షుయ్ పో పేటలో చెప్పులు కుట్టి బ్రదుకు ఒక కుటుంబము, ఆ యింటి పెద్దకుమారుని అకాలమరణము అందలి వస్తువు. పాతకట్టడములు మిగిలియున్న వింగ్ లీ వీధిలో దానిని చిత్రించిరి. 2010లో బెర్లిను ఉత్సవమున ఆ చిత్రము బాలల బహుమానమును పొందెను. పునర్నిర్మాణ ప్రణాళికలో చేరియుండిన ఆ వీధిని నిలుపుటకు ఆ యేడే నిర్ణయము జరిగెను. చలనచిత్రము వలన ఒక వీధి బ్రదుకుట అరుదు.

మన భాషలో ఇట్టి స్మృతిని వేరొక త్రోవను సాధించినది ‘బలగం’. 2023 మార్చి 3న వెలువడిన ఈ చిత్రమునకు దర్శకుడు వేణు ఎల్దండి. అంతవరకు హాస్యనటుడుగానే మనమెరిగినవాడు. ఇందు పాతవస్తువుల ప్రదర్శనము లేదు. కథ నేటిదే. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో కొమురయ్య అను వృద్ధుడు మరణించును. దినములలో పెట్టిన పిండమును కాకి ముట్టదు. పదునొకండవనాడైనను ముట్టునా యనునదే కథాసూత్రము.

గతమంతయు ఇందు ఒక యెముకలో ఇమిడియున్నది. సుమారు 20 ఏండ్ల క్రిందట విందులో నల్లిబొక్క విషయమై అల్లుడు నారాయణకును బావమరదికిని మాట పెరిగి రాకపోకలు నిలిచినవి. ‘బొక్క’ యనగా కోస్తావారికి రంధ్రము, తెలంగాణమున ఎముక. ఈ భేదమును మన విద్యార్థులు పాఠముగా నెరుగుదురు. కాని ఒక మాండలికపదము ఒక యింటి దుఃఖము నంతను మోయుట మన చిత్రములలో తరచుగా కానరాదు. ప్రతినాయకులకును విదూషకులకును చాలకాలము విడిచిపెట్టబడిన భాష ఇచట తండ్రిని పోగొట్టుకొన్నవారి భాష యైనది. ‘పిట్ట ముట్టలేదు’ అను మాటకు శిష్టవ్యావహారికమున సరియైన మాట మాకు దొరకలేదు.

పంతము పురుషులది, బాధ లక్ష్మిది. భర్త పట్టుదలచే తల్లిగారింటికి దూరమైన ఆ ఆడబిడ్డయే మా దృష్టిలో ఈ కథకు కేంద్రము. దర్శకుడు ఆమెకు మరికొంత చోటిచ్చియుండిన బాగుండెడిది. మనుమడు సాయిలు అప్పుల గొడవ పూర్వార్ధమున హాస్యమునకు అక్కరకు వచ్చి, పిదప వెనుకబడినది.

తుదిని దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మృతుని బ్రదుకును కథగా పాడుదురు. వీరు నటులు కారు, వృత్తిగాయకులు. (మొగిలయ్య 2024 డిసెంబరులో కాలధర్మము నొందెను.) కన్నీరు అధికమైనదని కొందరందురు; మాకును కొంత అట్లే తోచినది. అయినను చచ్చినవాని చరిత్రను బ్రదికినవారి యెదుట పాడి వారిని కలుపుట ఆ గాయకుల వృత్తిధర్మమే. చిత్రము దానిని కల్పింపలేదు, స్వీకరించినది. పల్లెలలో తెరలు కట్టి ఊరందరును కూడి దీనిని చూచిరనియు, విడిపోయిన తోబుట్టువులు కలిసిరనియు పత్రికలలో వార్తలు వచ్చినవి.

‘బలగము’ అను పదమునకు సమూహము, పరివారము, బంధుజనము అను అర్థములు కలవు. మేము నివసించు మేడిపల్లి ఒకప్పుడు వరంగల్లు త్రోవనున్న పల్లె; నేడు ఉప్పలును దాటి పెరిగిన నగరములో కలిసిపోయినది. చిత్రము వచ్చిన కొలదికాలమునకు మా ప్రక్కనున్న అపార్టుమెంటులో ఒక పెద్దాయన మరణించెను. పదునొకండవనాడు విస్తరిని మేడపైకి చేర్చి, నీళ్లతొట్టి ప్రక్కన పెట్టి, బంధువులు దూరముగా నిలిచిరి. పావురములు వచ్చినవి, కాకి రాలేదు. అమెరికాలోనున్న చిన్నకుమారుడు సెల్‌ఫోనులో చూచుచుండెను. కావలివాని తల్లి ముందునకు వచ్చి, “అయ్యా, పెద్దాయిన మనసుల ఏమున్నదో ఒక్కొక్కలు చెప్పుండ్రి, ముడుతది” అనెను. అన్నదమ్ములు ఒకరిమొగ మొకరు చూచుకొనిరి. ఎవరు మొదట మాటాడవలెనో వారికి తెలియలేదు.