మురుగునీటి ఖర్చు – ఇంటి యజమాని వంతు

నగర జీవితమున మనకు కనిపించుచు ఉపకరించునవి కొన్ని, కనిపించకయే ఉపకరించునవి కొన్ని. వీధి దీపము కనిపించును. అది వెలుగని రాత్రి మనము వెంటనే ఫిర్యాదు చేయుదుము. వీధి క్రింద పారు మురుగునీటి గొట్టము కనిపించదు. మ్యాన్‌హోలు మూత తన్నుకొని మురుగు వాకిటికి వచ్చిన నాడు మాత్రమే దాని ఉనికి మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ నాడు మనము అడుగు ప్రశ్న ఒక్కటే: “పన్ను కట్టుచున్నాము గదా, ఆ డబ్బు ఏమైనది?” ఈ ప్రశ్న సమంజసమే. అయితే మనము కట్టునది ఏ పన్ను, ఎంత, ఏ లెక్కన అని ఎవరైన తిరిగి అడిగినచో మనలో చాలమంది మౌనము వహింపవలసి వచ్చును. ఆ మౌనమును కొంత తొలగించుటకే ఈ చిన్న ప్రయత్నము.

మసీదులో వజూ చేసిన నీరును, దేవాలయమున అభిషేకము చేసిన నీరును, ఇంటి వంటగదిలో గిన్నెలు కడిగిన నీరును కడకు ఒక్క కాలువలోనే కలియును. మన నగరమున ఉర్దూ మాట్లాడువారును, తెలుగు మాట్లాడువారును దానిని ‘మోరీ’ అనియే పిలుతురు. అంతియే కాదు, వసూలు, రసీదు, బాకీ, జమ, ఖర్చు అను లెక్కల మాటలు కూడ రెండు భాషలకు ఉమ్మడి సొత్తు. కాలువ ఉమ్మడిది, లెక్కల భాష ఉమ్మడిది. ఇక ఆ ఖర్చును ఉమ్మడిగా ఎట్లు పంచుకొనవలెనన్నదే విచారింపవలసిన విషయము.

కొంత చరిత్ర

మురుగుకాలువల ఖర్చును భూమి గలవారి నుండి రాబట్టుట నేటి పద్ధతి కాదు. ఇంగ్లండులో 1531లో ఎనిమిదవ హెన్రీ కాలమున చేయబడిన శాసనము ప్రకారము కాలువలకు, కట్టలకు కమిషనర్లు నియమింపబడిరి. కాలువ వలన ఎవరి భూమికి మేలు కలుగునో, లేక కీడు తప్పునో వారే ఖర్చు భరింపవలెనన్నది ఆ శాసనమునందలి మూలసూత్రము. నేటికిని ప్రపంచమున అనేక పట్టణముల పన్ను విధానమునకు ఈ సూత్రమే పునాదిగా నున్నది.

మన హైదరాబాదు విషయమునకు వచ్చినచో, 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. వరదల నుండి నగరమును కాపాడు ఉపాయముతో పాటు నగరమునకు సంపూర్ణమైన మురుగునీటి పారుదల పథకమును సిద్ధపరచుట కూడ ఆయనకు అప్పగించిన పనులలో ఒకటి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తి అయినవి. 1930వ దశకమున నగరమున భూగర్భ మురుగునీటి గొట్టములు వేయు పని సాగినది. నాటి జనాభాకు సరిపోవునట్లు వేసిన ఆ గొట్టములపై తరువాతి తరముల భారమెల్ల పడినది. 1989 నవంబరు 1న నీటి సరఫరా, మురుగునీటి పారుదల బాధ్యతలను కలిపి ప్రత్యేకముగా ఒక బోర్డును నెలకొల్పిరి.

మూడు ద్వారములు

ఇంటి యజమాని నుండి మురుగునీటి ఖర్చు మూడు ద్వారముల గుండా వసూలగును.

మొదటిది ఒక్కసారి కట్టునది. ఇల్లు కట్టుకొనుటకు అనుమతి కోరునప్పుడు అభివృద్ధి రుసుము, బెటర్‌మెంటు రుసుము అను పేర్లతో కొంత మొత్తము చెల్లింపవలెను. రోడ్డు, కాలువ మొదలగు వసతుల వలన స్థలము విలువ పెరుగును గనుక ఆ పెరుగుదలలో కొంత వసతులు కల్పించు సంస్థకు చెందవలెనన్నది దీని ఆంతర్యము. ఆపై ఇంటి గొట్టమును వీధి గొట్టమునకు కలుపుటకు కనెక్షను రుసుము వేరుగా నుండును.

రెండవది ఆస్తి పన్నులో ఇమిడియున్న భాగము. ‘ఇంటి పన్ను’ అని మనము ఒక్క మాటలో చెప్పునది నిజమునకు ఒక్క పన్ను కాదు. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టము క్రింద అది సాధారణ పన్ను, పారిశుద్ధ్య పన్ను, దీపముల పన్ను, మురుగునీటి పన్ను అను భాగముల కూడిక. ఇంటి విస్తీర్ణము, అది ఉన్న ప్రాంతము, కట్టడము రకము, వినియోగము చూచి నెలకు ఎంత అద్దె రాదగునో అంచనా వేయుదురు. ఆ అద్దె విలువపై శాతములు లెక్కింతురు. నివాస గృహములకు నెల అద్దె విలువ 51 నుండి 100 రూపాయల వరకు 17 శాతము, 101 నుండి 200 వరకు 19 శాతము, 201 నుండి 300 వరకు 22 శాతము, 300 దాటినచో 30 శాతము అని అంతరువులు ఏర్పరచిరి.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. నాలుగు అంతరువులలోను పారిశుద్ధ్య పన్ను 9 శాతము, దీపముల పన్ను 3 శాతము, మురుగునీటి పన్ను 3 శాతము. ఈ మూడింటిలో మార్పు లేదు. మారునది సాధారణ పన్ను మాత్రమే. అది వరుసగా 2, 4, 7, 15 శాతములు. అనగా ఆదాయమునుబట్టి భారము పెరుగవలెనన్న దయ సాధారణ పన్నులో కలదు గాని, మురుగునీటి పన్నులో చిన్నయింటికిని పెద్దభవనమునకును శాతమొక్కటే. ఇంకొక మాట. నేడు నగరమున నెలకు 300 రూపాయల అద్దెకు ఇల్లెక్కడ దొరకును? కావున క్రింది మూడు అంతరువులు కాగితముపై ఉన్నను, క్రొత్తగా విలువ కట్టిన ఇండ్లలో చాల భాగము నాలుగవ అంతరువులోనే పడును.

ఒక ఉదాహరణము తీసికొందము. వేయి చదరపు అడుగుల ఇంటికి చదరపు అడుగుకు ఒక రూపాయి చొప్పున నెల అద్దె విలువ కట్టిరనుకొందము. సంవత్సరమునకు 12,000 రూపాయలు. ఇందు 10 శాతము మినహాయించిరనుకొన్నచో మిగులునది 10,800. దానిపై 30 శాతము అనగా 3,240 రూపాయలు ఆస్తి పన్ను. ఇందు సాధారణ పన్ను 1,620, పారిశుద్ధ్య పన్ను 972, దీపములకు 324, మురుగునీటికి 324. గ్రంథాలయ సెస్సు దీనికి అదనము. మురుగునీటి వంతును నెలకు లెక్కించినచో 27 రూపాయలు. మ్యాన్‌హోలు పొంగిన నాడు “ఇంత పన్ను కట్టుచున్నాము” అని మనము చెప్పు మొత్తములో గొట్టమునకు చేరునది పదవ వంతు మాత్రమే అని దీనివలన తెలియుచున్నది.

మూడవది నెలనెల కట్టునది. నీటి బిల్లులో నీటి రుసుముపై 35 శాతము మురుగునీటి సెస్సు ఉండును. నీటి రుసుము 200 రూపాయలైనచో సెస్సు 70 రూపాయలు, సంవత్సరమునకు 840. ఇంటిలోనికి ఎంత నీరు వచ్చునో దాదాపు అంత నీరు మురుగై వెలుపలికి పోవును గనుక నీటి వాడకమే మురుగుకు కొలబద్ద అన్నది దీని వాదము.

ఇతర పట్టణములందు పద్ధతులు కొంత భిన్నముగా నున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుండి అద్దె విలువకు బదులుగా ఆస్తి మూలధన విలువపై పన్ను వేయు పద్ధతి వచ్చినది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున వీధికి ఆనుకొనియున్న స్థలము పొడవును బట్టియో, వైశాల్యమును బట్టియో, ఇంటికి ఇన్ని యూనిట్లని కట్టియో గొట్టము వేసిన ఖర్చును పంచుదురు. యజమాని కోరినచో ఆ మొత్తమును వడ్డీతో 20 సంవత్సరముల వరకు వాయిదాలలో చెల్లింపవచ్చును. అచ్చట ‘ఈ గొట్టమునకు ఇంత ఖర్చు, అందు నీ వంతు ఇంత’ అని యజమానికి స్పష్టముగా తెలియును. మనకు తెలియనిది అదియే.

పన్నా? రుసుమా?

“మా మొహల్లాలో గొట్టమే లేదు, మేమెందులకు కట్టవలెను?” అను మాట తరచుగా వినవచ్చును. ఇందుకు సమాధానము పన్నుకును, రుసుముకును గల భేదములో నున్నది. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ భేదమును వివరించినది. పన్ను సమాజమంతటి అవసరములకై విధింపబడునది. చెల్లించిన వ్యక్తికి ప్రత్యేకముగా ప్రతిఫలము చూపవలసిన పనిలేదు. రుసుము ఒక సేవకు ప్రతిగా తీసికొనునది. సేవకును మొత్తమునకును సంబంధముండవలెను. కనెక్షను రుసుము ఈ రెండవ కోవకు చెందినది. ఆస్తి పన్నులోని భాగములు మొదటి కోవకు చేరినవి. అట్లని గొట్టము లేని మొహల్లావారికి అడుగు హక్కు లేదనుట పొరపాటు. చట్టము బిల్లుకు సమాధానము చెప్పునే గాని, నిర్లక్ష్యమునకు సమర్థన కాజాలదు. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పారిశుద్ధ్యమును పురపాలక సంస్థలకు అప్పగింపదగిన విధులలో చేర్చినది. వసూలు చేయు అధికారముతో పాటు సంజాయిషీ ఇచ్చు బాధ్యతయు ఉన్నదని మనము మరువరాదు.

న్యాయమెచ్చట?

ఏ పద్ధతియు దోషరహితము కాదు. నీటి బిల్లుపై సెస్సు న్యాయముగనే తోచును. కాని బోరు నీటితోను, ట్యాంకరు నీటితోను నడచు పెద్ద భవనము బోర్డు నీటిని తక్కువగా వాడును, మురుగును మాత్రము ఎక్కువగా వదలును. దాని సెస్సు తక్కువ, గొట్టముపై దాని భారము ఎక్కువ. ఆస్తి పన్ను చట్టరీత్యా యజమానిది. కాని అది అద్దెలో కలిసి అద్దెదారుపై పడును. గది అద్దెకు తీసికొని చదువుకొను విద్యార్థి కూడ తనకు తెలియకయే మురుగునీటి ఖర్చులో పాలుపంచుకొనుచున్నాడు. బిల్లుపై పేరు లేనివానికి ఫిర్యాదు చేయు ధైర్యము తక్కువ.

ప్రభుత్వములు పేదలకు ఉపశమనము కల్పించినవి. 2015-16 నుండి హైదరాబాదులో సంవత్సరమునకు 1,200 రూపాయల లోపు పన్ను గల నివాసములకు 101 రూపాయలు మాత్రమే చాలునన్నారు. 2021లో గృహములకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచిత నీటి పథకము వచ్చినది. పేదవాని ఇంటికి ఇది గొప్ప సహాయము. దానిని మేము ఆక్షేపించుట లేదు. అయితే నీటి రుసుము సున్న అయినప్పుడు దానిపై 35 శాతము కూడ సున్నయే. గొట్టము ఖర్చు మాత్రము సున్న కాదు. ఆ లోటును ప్రభుత్వ ఖజానా నింపవలెను. నింపనిచో పని ఆగిపోవును.

పని ఆగినచో భరించువారెవరు? 2021 నాటి లెక్కల ప్రకారము హైదరాబాదు నగరమున దినమునకు 165 కోట్ల లీటర్ల మురుగునీరు వెలువడుచుండగా, శుద్ధి చేయగల సామర్థ్యము 77 కోట్ల 20 లక్షల లీటర్లు మాత్రమే. ఆ సంవత్సరమున రాష్ట్ర ప్రభుత్వము 3,866 కోట్ల రూపాయలతో 31 శుద్ధి కేంద్రములను మంజూరు చేసినది. అంతవరకు మిగిలిన మురుగు ఎచ్చటికి పోయినది? మూసీలోనికే. మూసీ నల్లగొండ ప్రాంతమున ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. దిగువ గ్రామముల రైతులు ఆ నీటితోనే వరి పండించిరి, ఆ నీటిలోనే కాళ్ళు పెట్టి నాట్లు వేసిరి. వారికి నగరపాలక సంస్థ ఏ బిల్లును పంపలేదు. అయినను మనము కట్టని ఖర్చును వారి పొలములు, వారి బావులు కట్టినవి.

వారికంటె ముందు కట్టువారు ఇంకొకరు కలరు. యంత్రములకు ధనము లేదన్న చోట, లేక ఉన్నను శ్రద్ధ లేని చోట, మనిషి మ్యాన్‌హోలులోనికి దిగును. ఈ దురాచారమును నిషేధించుచు 2013లో ఒక చట్టము వచ్చినది. మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఇవ్వవలెనని 2014లో సుప్రీముకోర్టు ఆదేశించినది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచినది. ప్రాణమునకు వెల కట్టుట ఎవరి తరమును కాదు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు: మురుగునీటి వ్యవస్థకు మనము ధనరూపమున చెల్లించని బాకీని వేరొకరు ప్రాణరూపమున చెల్లించుచున్నారు.

మన కర్తవ్యము

ఈ కళాశాలలో అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము, వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులకు మాదొక విన్నపము. సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఇంటి పన్ను రసీదును, నీటి బిల్లును ఒకసారి చేతికి తీసికొనుడు. పైన చూపిన లెక్కతో మీ ఇంటి వంతును కట్టి చూడుడు. అద్దె ఇంటిలో ఉన్నచో యజమానిని మర్యాదతో అడుగుడు. ఒక్కొక్క మొహల్లాకు నలుగురు విద్యార్థులు చేరి పది ఇండ్ల రసీదులు పరిశీలించినచో, ఏ వీధివారు ఎంత కట్టుచున్నారో, ఏ వీధిలో మోరీ ఎన్నిసార్లు పొంగినదో ఒక పట్టికగా తయారగును. కళాశాల కమిటీవారు ఇట్టి పనికి కొంత ప్రోత్సాహమిచ్చి, ఆ పట్టికను ప్రాంతపు అధికారులకు పంపినచో మన ఫిర్యాదునకు బలము చేకూరును. “పన్ను కట్టుచున్నాము” అనుటకంటె “ఇంత కట్టుచున్నాము, ఇందు మురుగునీటి వంతు ఇంత, మా వీధికి ఖర్చు పెట్టినదెంత?” అని అడిగినప్పుడు సమాధానమీయక తప్పించుకొనుట కష్టము.

అదే రసీదు మనలను కూడ ప్రశ్నించును. బాకీ పెట్టిన ఇల్లు ఎవరిది? వానకాలమున మ్యాన్‌హోలు మూత ఎత్తి వాననీటిని మురుగు గొట్టములోనికి వదలినదెవరు? ప్లాస్టిక్ సంచిని మోరీలో పడవేసినదెవరు? శుచిని ధర్మముగా బోధింపని మతము లేదు. మన ఇంటిని కడిగి ఆ మురికిని పొరుగువాని వాకిటికి తోయుట మాత్రము ఏ మతమునందును శుచి అనిపించుకొనదు. మన వంతును తెలిసికొని, చెల్లించి, చెల్లించిన దానికి లెక్క అడుగుట పౌరుని ధర్మమని మా విశ్వాసము.